గాజు పలక, గాలి దారి

వేసవి సెలవులలో పనిచేసి డాలరు డాలరు కూడబెట్టిన మా మేనల్లుడు ఆటల కంప్యూటరును స్వయంగా కూర్చుకోవాలని సంకల్పించాడు. "మావయ్యా, పెట్టె మాత్రం మీరు చూసి చెప్పండి" అని ఒక బొమ్మ చూపాడు. ముందు వైపు, ప్రక్క వైపు గాజు పలకలు. లోపల రంగురంగుల దీపాలు. చూడముచ్చటగా ఉన్న మాట నిజమే. కాని గాలి ఎటునుండి లోపలికి వస్తుందని అడిగితే వాడు తడబడ్డాడు.

ఒకప్పుడు కంప్యూటరు పెట్టె అంటే గోధుమరంగు రేకుడబ్బా. 1996లో మయామీ నగరంలో ఆరంభమై, 2006లో డెల్ చేతికి వచ్చిన ఏలియన్‌వేర్ వంటి సంస్థలు ఆటగాళ్ళ కోసం దానికి రూపురేఖలు దిద్దాయి. ఆపిల్ సంస్థ 2000లో పారదర్శకమైన అక్రిలిక్ తొడుగులో పంకా లేని "క్యూబ్"ను విడుదల చేసింది; వేడిగాలి సహజంగా పైకి పోయే ఏర్పాటు అది. 1,799 డాలర్ల ధర వల్లనో ఏమో అమ్మకాలు సాగక, 2001లోనే దానిని ఆపివేశారు.

నేటి యంత్రాలకు ఆ సౌకర్యం చాలదు. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 అనే చిత్రఫలకం ఒక్కటే 450 వాట్ల వరకు వాడుకుంటుంది. వాడిన విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. 400 వాట్ల వేడిని తీసుకుపోతూ గాలి 10 సెల్సియస్ డిగ్రీలు, అనగా 18 ఫారెన్‌హీట్ డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే, సెకనుకు సుమారు 33 లీటర్ల గాలి పెట్టె గుండా ప్రవహించాలి.

ఇప్పుడు స్కేలు తీసుకుందాం. గాజు పలకకు ఇరువైపులా ఒక సెంటీమీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు గల చీలికలు ఉన్నాయనుకుంటే, మొత్తం తెరపి 80 చదరపు సెంటీమీటర్లు. అదే చోట 20 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు గల జల్లెడ పలక బిగించి, 2 మిల్లీమీటర్ల రంధ్రాల కేంద్రాలను 3 మిల్లీమీటర్ల ఎడంతో పేర్చితే 40 శాతం తెరపి, అనగా సుమారు 320 చదరపు సెంటీమీటర్లు దొరుకుతుంది. అంతే గాలి చీలికల గుండా రావాలంటే నాలుగింతల వేగంతో రావాలి. పీడన నష్టం వేగవర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది దాదాపు పదహారు రెట్లవుతుంది. పంకాలు మరింత వేగంగా తిరగవలసి వస్తుంది. ఇల్లంతా రొద!

గాలి వచ్చే దారి ఉంటే చాలదు, పోయే దారీ ఉండాలి. మన పాత ఇళ్ళలో ఎదురెదురు కిటికీలు పెట్టినది ఇందుకే.

ఇక కాళ్ళ సంగతి. విద్యుత్తు సరఫరా పెట్టె చాలావరకు అడుగునుండి గాలి పీలుస్తుంది. పొట్టికాళ్ళ పెట్టెను మన ఇళ్ళలోని మెత్తని కార్పెట్ మీద పెడితే ఆ దారి మూసుకుపోతుంది. క్రింద ఒక చెక్కపలక వేయాలి. దుమ్ము జాలీ చేతితో ఊడదీసే వీలుండాలి. ప్రక్క గాజును విప్పినప్పుడు టైల్స్ నేలపై నిలబెట్టకూడదు, అంచు తగిలితే చాలు పొడిపొడి అవుతుంది.

ఇప్పటికే గాజు పెట్టె కొన్నవారు ఒక పరీక్ష చేయవచ్చు. ఒకే ఆటను అరగంట ఆడి ఉష్ణోగ్రత వ్రాసుకొని, ముందు పలక తీసి మళ్ళీ ఆడి చూడండి. తేడా చాలా ఉంటే లోపం ఆ పలకదే.

మా వాడు ముందు జల్లెడ, ప్రక్క గాజు ఉన్న పెట్టెను కొన్నాడు. దీపాలు మాత్రం వదులుకోలేదు. అవి వాడే విద్యుత్తు స్వల్పమే గనుక నేనూ అభ్యంతరపెట్టలేదు.