గుడియాత్తం లుంగీ, అగ్గిపెట్టె: నమ్మకమైన హోల్‌సేల్ వ్యాపారిని ఎంచుకోవడం ఎలా?

చిత్తూరు, పలమనేరు, వేలూరు చుట్టుపక్కల చిన్న అంగడి పెట్టుకునేవాళ్లకు గుడియాత్తం చేతికందే దూరంలో ఉంది. లుంగీల నేతకు పేరున్న ఊరు. అగ్గిపెట్టెల తయారీ వల్ల ‘చిన్న శివకాశి’ అనీ పిలుస్తారు. ఆంధ్ర సరిహద్దు పక్కనే కాబట్టి బేరం తెలుగులోనూ సాగుతుంది. సరుకు ఇంత దగ్గర్లో పుడుతున్నా, ఫోన్‌లో ఫొటోలు చూసి ముక్కూమొహం తెలియనివాళ్లకు అడ్వాన్స్ పంపి నష్టపోయేవాళ్లున్నారు. సరుకు ఎక్కడ తయారైందో చూపించగలిగినవాడే నమ్మదగ్గ సప్లయర్. అలాంటివాణ్ని పట్టుకునే దారి ఇది.

1. అవసరం రాసుకోండి

ఏ రకం, ఎన్ని, అంగడికి చేరేసరికి ఎంతలోపు పడాలి అన్నవి ముందే కాగితం మీద పెట్టండి. లుంగీలైతే చేనేతా, మరమగ్గమా, కుట్టినవా, కుట్టనివా అన్నది తేల్చుకోండి. ఈ లెక్క లేకుండా వెళితే అవతలివాడు వదిలించుకోవాలనుకున్న సరుకు మీ నెత్తిన పడుతుంది.

2. లేబుల్ పట్టుకుని వెనక్కి వెళ్లండి

మీ ఊళ్లో బాగా అమ్ముడయ్యే లుంగీ, అగ్గిపెట్టె కొని లేబుల్ చదవండి. తయారీదారు పేరు, చిరునామా దానిమీదే ఉంటాయి. వేలూరు లాంగ్ బజార్‌లో ఒక పూట తిరిగితే మార్కెట్ రేటు తెలుస్తుంది. ఆ తర్వాత గుడియాత్తం వెళ్లి, “అన్నా, మగ్గాలు యాడున్నాయి? ఒకసారి చూసొస్తాం” అని అడగండి. తయారీదారుడైతే మగ్గం చూపిస్తాడు. దళారి అయితే మాట దాటేస్తాడు. దళారీ దగ్గర కొనడం తప్పేం కాదు గానీ, అతను దళారి అని తెలిసే బేరమాడాలి. చేనేతే కావాలంటే చేనేత సహకార సంఘాలను, 1935లో మొదలైన తమిళనాడు చేనేత సహకార సంస్థ కో-ఆప్టెక్స్‌ను కూడా సంప్రదించండి.

3. జీఎస్టీ నంబరు చదవడం నేర్చుకోండి

నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం: తమిళనాడుకు 33, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. పాన్‌లో నాలుగో అక్షరం పి అయితే వ్యక్తి, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, సి అయితే కంపెనీ. “మాది పెద్ద కంపెనీ” అన్నవాడి పాన్‌లో పి కనిపిస్తే ఆగి అడగండి. జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర నంబరు కొడితే పేరు, చిరునామా, నమోదు తేదీ, రిటర్నులు వేస్తున్నాడా లేదా అన్నవన్నీ లాగిన్ లేకుండానే వస్తాయి. రద్దయిన నంబరుతో బిల్లు ఇచ్చేవాడి జోలికి పోవద్దు.

ఇంకో సంగతి. కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే ఏర్పాటు) ఉన్న వ్యాపారి రాష్ట్రం దాటించి సరుకు అమ్మకూడదు. మీ అంగడి చిత్తూరులో ఉంటే ఇది తప్పక చూసుకోండి. చిన్న నేతగాడికి అసలు జీఎస్టీ నంబరే లేకపోవచ్చు. సొంత రాష్ట్రంలోనే అమ్ముతూ, అమ్మకాలు పరిమితి లోపుంటే అది మోసం కాదు. అలాంటప్పుడు సంఘం ద్వారా కొనడం మేలు.

4. సరుకును చేతిలోకి తీసుకోండి

మడత మీద చూసి ఏ లుంగీనీ ఒప్పుకోవద్దు. పూర్తిగా విప్పి టేపు పెట్టి కొలవండి. వెలుతురుకు పట్టి చూస్తే తెగిన పోగులు, పలచబడ్డ చోట్లు బయటపడతాయి. తిరగేసి చూడండి: రంగు నూలుతో నేసిన గళ్లు రెండు వైపులా ఒకేలా ఉంటాయి, అచ్చు వేసినవి వెనక వెలిసినట్టు కనిపిస్తాయి. రెండు చేతుల మధ్య గట్టిగా నలిపితే పొడి రాలిందా, గంజి ఎక్కువ పెట్టారన్నమాట. మొదటి ఉతుకుకే గుడ్డ పలచబడుతుంది. ఒక మూల సబ్బునీళ్లతో తడిపి తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. చేనేత అని చెబితే 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉందా అని అడగండి.

అగ్గిపెట్టెలైతే కట్టలో వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు పెట్టెలు తీసి పుల్లలు లెక్కపెట్టండి, గీసి చూడండి.

5. అంగడికి చేరే రేటు లెక్కగట్టండి

అగ్గిపెట్టెల రేటు 600 పెట్టెల కట్టకు చెబుతారు. పెట్టె ధర 2021 డిసెంబరు 1న రూపాయి నుంచి రెండు రూపాయలైంది. కట్ట రేటుకు పన్ను, లారీ కిరాయి, హమాలీ కలిపి 600తో భాగించండి; అమ్మే ధరలోంచి దాన్ని తీసేస్తే పెట్టెకు మీకు మిగిలేదెంతో తెలుస్తుంది. అగ్గిపెట్టెల కట్టలను ప్రయాణికుల రైల్లోగానీ, బస్సులోగానీ తేకూడదు. ఆ లారీ ఖర్చు ముందే లెక్కలో ఉండాలి.

6. మొదటి ఆర్డరు చిన్నగా పెట్టండి

ఒప్పుకున్న శాంపిల్ మీద ఇద్దరూ సంతకం చేసి మీ దగ్గరే ఉంచుకోండి. సరుకు పాడైతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో రాయించుకోండి. డబ్బు బిల్లు మీదున్న సంస్థ ఖాతాకే వేయండి. వేరే మనిషి పేరున్న నంబరుకు పంపమంటే ఆగిపోండి. ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

7. సరుకు దిగగానే సరిచూడండి

తమిళనాడు నుంచి ఆంధ్రకు వస్తే బిల్లు మీద ఐజీఎస్టీ ఉండాలి. తమిళనాడులోనే కొని అమ్ముకుంటే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు కావాలి. లారీవాడు ఉండగానే కట్టలు లెక్కపెట్టి, రెండు మూడు విప్పి శాంపిల్‌తో పోల్చండి. ప్రతి నెలా 14న మీ జీఎస్టీ ఖాతాలో వచ్చే జీఎస్టీఆర్-2బీ పట్టికలో ఆ బిల్లు కనిపించాలి. సప్లయర్ తన రిటర్నులో చూపకపోతే మీరు కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు. మీరే కాంపొజిషన్‌లో ఉంటే క్రెడిట్ ఉండదు, పన్నుతో కలిపిన మొత్తమే మీ అసలు ధర.

ఇన్ని పరీక్షలకు నిలిచినవాడు దొరికాక మీరూ నమ్మకంగా ఉండాలి. ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. నేతగాడు ఆ డబ్బుతోనే మళ్లీ నూలు కొనాలి. గడువులో చెల్లించే అంగడికే పండగ రద్దీలో ముందుగా సరుకు వస్తుంది.