సర్వరు స్థాపనలో ఆటంకములు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మన పిల్లలకై తెలుగు పుస్తకములను సేకరించి పాఠశాలలోని ఒక కంప్యూటరునందు, అనగా సర్వరునందు, ఉంచినచో తక్కిన కంప్యూటర్లన్నింటను ఇంటర్నెట్ లేకయే చదువుకొనవచ్చును. ఇందులకు 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు, అపాచీ అను సర్వరు ప్యాకేజి ఉచితముగా లభించుచున్నవి.

డెబియన్ తరగతి లినక్సులో ఈ స్థాపన ఒక్కొక్కప్పుడు నడుమనే ఆగిపోవును. అంతమాత్రమున కంప్యూటరును చెరిపి లినక్సును మరల వేయరాదు. చేర్చిన పుస్తకములన్నియు నశించును. తెరపై కనబడు దోషములలో మొదటిదానిని ముందు చదువవలెను. తక్కినవి తరచుగా దాని ఫలితములే.

కూడిక రానివానికి గుణకారము పట్టుబడనట్లే, తనకు ఆధారమైన ప్యాకేజీలు లేనిదే అపాచీ కుదురుకొనదు. కావున, 'డిఎఫ్ -హెచ్' అను ఆదేశముతో డిస్కులో చోటున్నదో లేదో చూడవలెను. పిదప 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అనినచో ప్యాకేజీల పట్టిక సరిక్రొత్తదగును. సగములో నిలిచిన పనిని 'సుడో డిపికెజి --కన్ఫిగర్ -ఎ' పూర్తిచేయును. లోపించిన ఆధారములను 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' సమకూర్చును. ఏ ప్యాకేజీలను తొలగింతునని అది అడుగునో చదివిన పిమ్మటనే సమ్మతింపవలెను.

తలిదండ్రులారా! కంప్యూటరు మొరాయించినదని మీ బిడ్డ చెప్పినచో కోపింపక, "మొదటి దోషమేమని వ్రాసియున్నది?" అని యడుగుడు. తొందరపడక చదువుటయే ఇందలి మొదటి పాఠము.