పాలకేనుకూ ఓడరేవుకూ సంబంధమేమిటి?

మూలపేట ఓడరేవు సంగతి ఎత్తితే మన సంఘాల పాలకవర్గ సభ్యులలో చాలామంది "అది ఓడల వ్యవహారం, మన పాలకేనుకూ దానికీ ఏమి సంబంధం?" అని అడుగుతూ ఉంటారు. సంతబొమ్మాళి మండలంలో, పూర్వం భావనపాడు పేరుతో తలపెట్టిన ఆ రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు ఒక్కటే కడితే సరిపోదు. జాతీయ రహదారి నుంచి దానికి రోడ్డు కావాలి, నౌపడా వైపు నుంచి రైలుపట్టా కావాలి. ఆ రెండూ మన ఊళ్ళ పొలిమేరలలోనుంచే పోవాలి. సంబంధం అక్కడ మొదలవుతుంది.

రోడ్డు ఒక శాఖ, రైలు ఒక శాఖ, రేవు ఇంకొక శాఖ ఎవరి పటం వారు గీసుకొనే పద్ధతిని మార్చడానికి కేంద్రప్రభుత్వం 2021 అక్టోబరులో గతిశక్తి ప్రణాళికను ప్రారంభించింది. పదహారు మంత్రిత్వశాఖల పనులను ఒకే పటం మీద చూపడం దానిలోని ముఖ్యాంశం. 2022 సెప్టెంబరులో జాతీయ సరుకు రవాణా విధానం వచ్చింది. మన రాష్ట్రం కూడా 2022-27 కాలానికి తన విధానాన్ని ప్రకటించింది. వీటి వివరాలన్నీ మనకు అవసరం లేదు. ఒక్క సూత్రం పట్టుకొంటే చాలు: సరుకు నడుస్తున్నప్పటికంటె, ఒక బండి నుంచి మరొక బండికి మారే చోట ఆగినప్పుడే ఎక్కువ నష్టపోతుంది. ఆ చోటును నేను 'అతుకు' అంటాను.

అతుకు అంటే ఏమిటో నౌపడా పరిసరాల పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. పర్లాకిమిడి సంస్థానం వారు వేయించిన చిన్నరైలు 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా నడవడం మొదలయింది. 1931లో గుణుపురం చేరింది. ఆ పట్టాల వెడల్పు రెండున్నర అడుగులు. మద్రాసు-హౌరా పెద్దలైను వెడల్పు అయిదున్నర అడుగులు. చిన్నబండి పెట్టె పెద్దలైను ఎక్కదు. కాబట్టి లోపలి నుంచి వచ్చిన ప్రతి బస్తానూ నౌపడాలో దింపి, మళ్ళీ పెద్ద వాగనులోకి ఎత్తవలసి వచ్చేది. కూలి రెండుసార్లు, బస్తా చిరిగితే తరుగు, వాగను దొరకకపోతే నిరీక్షణ. 2004లో చిన్నరైలు ఆపి, 2011 నాటికి గుణుపురం దాకా పెద్దలైను వేసేసరికి ఈ అతుకు వయస్సు నూరేళ్ళు దాటింది. మొదట గీసిన గీతను సరిచేయడానికి అంతకాలం పట్టింది!

బియ్యం బస్తా రెండురోజులు ఆగితే డబ్బు పోతుంది గాని బియ్యం పోవు. పాల సంగతి అట్లా కాదు. పితికినప్పుడు పాలు పశువు ఒంటి వేడిమీద, అంటే 37, 38 డిగ్రీల సెంటీగ్రేడులో ఉంటాయి. శీతలీకరణ యంత్రంలో 4 డిగ్రీలకు దించితే గాని సూక్ష్మజీవుల పెరుగుదల అదుపులోకి రాదు. ఈ లోపు అవి అరగంటకు రెట్టింపు అవుతాయనుకొందాం. ఒకటి రెండు, రెండు నాలుగు చొప్పున మూడు గంటలకు అరవైనాలుగు. ఇంకొక అరగంట ఆలస్యమైతే నూట ఇరవై ఎనిమిది. చివరి అరగంట చేసే చెరుపు మొదటి మూడు గంటల చెరుపుతో సమానం. కార్యదర్శులు ఈ లెక్కను నోటుపుస్తకంలో స్వయంగా వేసి చూడవలెను.

ఇక నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్దానంలో రైలుకట్టకు సముద్రంవైపు ఉన్న ఒక సంఘం పాలు ఎండాకాలంలో తరచు పులిసి తిరిగివచ్చేవి. కేన్లు సరిగా కడగడం లేదనీ, ఉత్పత్తిదారులలో శ్రద్ధ లేదనీ నేను తనిఖీ నోటులో రాశాను. ఒక వృద్ధురాలు నన్ను ఆపి, "బాబూ, మా గేదె పాలు మా యింట్లో విరగవు, మీ బండెక్కితే విరుగుతాయేటి?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. మరునాడు ఉదయం డ్రైవరు పక్కన కూర్చున్నాను. రైలుగేటు దగ్గర రెండు గూడ్సుబండ్లకూ ఒక ఎక్స్‌ప్రెస్సుకూ కలిపి నలభై నిమిషాలు ఆగాము. కేన్ల మీద ఎండ. నోటులోని ఆ వాక్యాన్ని నేనే కొట్టివేసి సంతకం పెట్టాను. రూటును తిప్పి, గేటు అవతలి ఊరి పాలు ముందుగా ఎక్కించి, బండిని అరగంట ముందుకు జరిపిన తరువాత పాలు తిరిగిరావడం తగ్గింది. ఖర్చు లేదు.

అతుకు బాగుంటే పాలు ఎంత దూరమైనా పోగలవనడానికి రేణిగుంట ఉదాహరణ ఉన్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయినప్పుడు, మార్చి 26 నుంచి అక్కడినుంచి ఢిల్లీకి పాలకోసమే 'దూద్ దురంతో' అనే ప్రత్యేక రైలు నడిపారు. ఒక్కొక్క ట్యాంకరు 40,000 లీటర్లు, ఆరు ట్యాంకర్లయితే 2 లక్షల 40 వేల లీటర్లు. సుమారు 2,300 కిలోమీటర్లు. అంతదూరం పోయినా చెడకపోవడానికి కారణం రైలు వేగం ఒక్కటే కాదు. పాలు ముందే చల్లబడి ఉండటం. వేడిపాలను ఏ రైలూ కాపాడలేదు. మన పలాస స్టేషనులో పెద్దరైళ్ళు ఆగుతాయి గదా అని సంతోషిస్తే చాలదు.

ఖాళీబండి సంగతి కూడా ఆలోచించాలి. కవిటి, కంచిలి ప్రాంతాల కొబ్బరి వ్యాపారులు లారీకి తిరుగు సరుకు చూసుకోనిదే కిరాయి మాట్లాడరు. మన పాలబండి మాత్రం ఖాళీకేన్లు గలగలలాడించుకొంటూ తిరిగివస్తుంది. బండికి పూటకు 1,200 రూపాయలు ఇస్తూ 400 లీటర్లు పంపే సంఘానికి లీటరుకు 3 రూపాయలు రవాణాకే పోతాయి. పక్క ఊరి 400 లీటర్లు కలిస్తే రూపాయిన్నర. తిరుగుదారిలో దాణా బస్తాలు తెస్తే వాటికి వేరే కిరాయి ఉండదు. అయితే కేన్లూ బస్తాలూ ఒకదానికొకటి తగలకుండా చూడాలి. దాణా పొడి కేనులో పడితే లాభం నష్టం కింద మారుతుంది.

ఇప్పుడు చేయవలసిన పని. పదిహేను రోజులపాటు రెండు పూటలా ఒక రిజిస్టరులో నాలుగు వేళలు రాయండి: మొదటి పాలు సంఘానికి వచ్చిన వేళ, కేన్లు బండికెక్కిన వేళ, దారిలో ఎక్కడ ఎంతసేపు ఆగినదీ, శీతలీకరణ కేంద్రంలో పాలు పోసిన వేళ. పోసినప్పటి వేడి కూడా రాయాలి. ఆగినచోటు ఏ అతుకో దానంతట అదే బయటపడుతుంది.

రోడ్డుకట్టగాని రైలుకట్టగాని రాబోయే ఊళ్ళ సంఘాలు మరింత త్వరపడాలి. కట్ట కింద దారి ఇస్తామంటే దాని ఎత్తు ఎంత, పాల ట్యాంకరు దూరుతుందా, వాన కురిస్తే నీరు ఎటు పోతుంది అని అడగాలి. బీల నేలల్లో గుంతదారి తవ్వితే శ్రావణ భాద్రపదాలలో అది చెరువే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు దారులకడ్డంగా పడి, కరెంటు రోజుల తరబడి లేక ఏ ఊరికాఊరు విడిపోయింది. కనుక పాలకేంద్రానికి రెండో దారి ఏదో, జనరేటరుకు డీజిలు ఏ దారిన వస్తుందో కూడా అర్జీలో చేర్చండి.

అర్జీని పాలకవర్గ తీర్మానంగా రాసి, రిజిస్టరు నకలు జతచేసి, తహసిల్దారుకూ రోడ్ల శాఖ ఇంజనీరుకూ ఇచ్చి రసీదు తీసుకోండి. రైలుకట్ట అయితే రైల్వే ఇంజనీరుకు కూడా ఒక ప్రతి పంపాలి. మట్టి పోయకముందు ఇచ్చిన కాగితానికి ఉన్న విలువ, కట్ట లేచిన తరువాత చేసే ధర్నాకు ఉండదు.