ప్రమాదం ఎలా జరిగింది? ఒక సర్వేయరు అనుభవ పాఠాలు

బీమా క్లెయిమ్ ఫారంలో ‘ప్రమాదం ఎలా జరిగిందో వివరించండి’ అని ఒక గడి ఉంటుంది. వాహన నష్టాల సర్వేయరుగా నా ఉద్యోగమంతా ఆ గడి చదవడంతోనే గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం, బండి నడిపే అందరి కోసం ఇవి రాస్తున్నాను.

1. నవ్వొచ్చిన వాక్యాన్ని రెండోసారి చదవాలి.
‘చింతచెట్టు హఠాత్తుగా నా కారుకు ఎదురొచ్చింది’ అని ఒకాయన రాశారు. ఆఫీసంతా పగలబడి నవ్వింది. రాత్రిపూట ఆ చోటికి వెళ్లి చూశాను. మలుపు తిరిగీ తిరగగానే చెట్టు. ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లల్లో కొడితే అక్కడ చెట్టుందనే తెలియదు. ఆయన కంటికి ఎలా కనబడిందో అలాగే రాశారు. అంతకన్నా నిజాయితీ గల వివరణ నేను చదవలేదు.

2. వాక్యాన్ని మెలితిప్పేది భయం.
‘రివర్స్ తీస్తుండగా నిన్నటిదాకా లేని స్తంభం తగిలింది.’ ‘డివైడర్ వచ్చి గుద్దింది.’ ‘గేదె చెయ్యి చూపకుండా కుడివైపు తిరిగింది.’ వీటిలో ఎక్కడా డ్రైవరు కనబడడు. తప్పు ఒప్పుకుంటే డబ్బు రాదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. సమగ్ర పాలసీ ఉంటే, మన పొరపాటు వల్ల మన బండికి జరిగిన నష్టానికీ పరిహారం వస్తుంది. క్లెయిమ్‌ను ముంచేవి వేరు: చెల్లని లైసెన్సు, తాగి నడపడం, అబద్ధపు వాంగ్మూలం. ఈ ఒక్క సంగతి పాలసీ అమ్మేటప్పుడే చెబితే సగం మంది ఆ గడిలో నిజం రాస్తారని నా గట్టి నమ్మకం.

3. కాగితం చదివాక బండి దగ్గరికి వెళ్లాలి.
‘ఆగి ఉన్న నా కారును గేదె గుద్దింది’ అన్న ఫారం పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. బానెట్ అంచు లోపలికి మడతపడిపోయింది, రేడియేటర్ వెనక్కి వంగి ఫ్యాన్‌ను తాకుతోంది, గ్రిల్ సందుల్లో నల్లటి వెంట్రుకలు. గేదె కుమ్మితే తలుపు సొట్టపడుతుందేమో గాని, రేడియేటర్ అంత లోపలికి పోదు. టేపుతో నేల నుంచి సొట్ట ఎత్తు కొలిచాను. ఓనరును పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగితే, ‘గేదె ఖరీదు కూడా నన్నే కట్టమంటారేమోనని సార్’ అన్నాడు. పశువు గలవాడి నష్టం థర్డ్ పార్టీ బీమా కిందికి వస్తుందని చెప్పాను. అక్కడే కూర్చుని ఫారం మళ్లీ రాశాడు. గద్దించి ఉంటే ఆ నిజం బయటికి వచ్చేది కాదు.

4. ఊళ్లో ప్రతి కారుకూ ఒకే కుక్క అడ్డం వస్తుంటే, ఫారాలు నింపుతున్నది షెడ్డులో కుర్రాడు. మీ వివరణ మీరే, మీ మాటల్లో రాయండి.

5. నీట మునిగిన కారు తాళం తిప్పొద్దు.
2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అప్పటికి నేను రిటైరయ్యాను. తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగారు. ‘నీళ్లు తగ్గాక స్టార్ట్ చేశాం, ఇంజనే విరిగిపోయింది’ అని వాళ్ల మాట. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నలగదు. పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరద నష్టం పాలసీలో ఉంటుంది. స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని మాత్రం, ఇంజన్ రక్షణ అదనంగా తీసుకోకపోతే, కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. బండిని లాగించి షెడ్డుకు చేర్చండి.

6. అన్నిటికన్నా ముందు మనిషి.
‘అతను లేచి నడిచి వెళ్లాడు కాబట్టి దెబ్బలు లేవు’ అన్న వివరణ చూసి నవ్వినవాళ్లను నేను మందలించాను. తలలోపలి గాయం అప్పటికప్పుడు బయటపడదు. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలన్నదీ ఆ సెక్షన్‌లోనే ఉంది. 2019 సవరణతో సాయం చేసే దారినపోయేవాళ్లకూ రక్షణ వచ్చింది: ఆసుపత్రికి చేర్చినవాళ్లు ఇష్టం లేకపోతే తమ పేరు చెప్పక్కర్లేదు.