ప్రైవేట్ క్లౌడ్ వీఎంలలో హెచ్‌పీసీ క్లస్టర్: జాబ్ స్లో అవుతోందా? ముందు ఈ సెట్టింగ్స్ చూడండి

సర్వర్లు ఎలాగూ ఉన్నాయి, వాటి మీద ఓపెన్‌స్టాక్ కూడా ఉంది. నాలుగు వర్చువల్ మెషీన్లు క్రియేట్ చేసి, స్లర్మ్ ఇన్‌స్టాల్ చేస్తే మన ల్యాబ్‌కి ఒక చిన్న సూపర్ కంప్యూటర్ రెడీ అనుకుంటాం. జాబ్ రన్ అవుతుంది కూడా. కానీ రెండు రోజుల్లో అయిపోవాల్సిన సిమ్యులేషన్ నాలుగు రోజులైనా తేలదు. అప్పుడు అందరూ అనే మాట, "వీఎం అంటే అంతే, స్లోగానే ఉంటుంది". ఇది సగమే నిజం. ఎక్కువసార్లు అసలు సమస్య డీఫాల్ట్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

క్లౌడ్ డీఫాల్ట్స్ అన్నీ పంచుకోవడం కోసం చేసినవి. ఓపెన్‌స్టాక్‌లో చాలా ఏళ్లు ఒక్క ఫిజికల్ కోర్ మీద 16 వర్చువల్ సీపీయూలు ఇవ్వడం డీఫాల్ట్. వెబ్‌సైట్లకైతే ఓకే, అవి ఎక్కువసేపు ఖాళీగానే ఉంటాయి. హెచ్‌పీసీ జాబ్ అలా కాదు, ప్రతి కోర్‌నీ నూరు శాతం వాడుతుంది. పైగా ఎంపీఐ ప్రోగ్రామ్‌లో ముక్కలన్నీ ప్రతి స్టెప్ దగ్గరా ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. 120 కోర్లలో ఒక్కటి వెనకబడితే మిగతా 119 దాని కోసం కూర్చోవాల్సిందే! అందుకే ఫ్లేవర్‌లో సీపీయూ పాలసీని 'డెడికేటెడ్' చేయాలి. ఇది మాత్రం తప్పనిసరి.

తర్వాతది న్యూమా. రెండు ప్రాసెసర్లు ఉన్న సర్వర్‌లో ర్యామ్ కూడా రెండు భాగాలుగా ఉంటుంది. పక్క ప్రాసెసర్ ర్యామ్ నుంచి డేటా తేవాలంటే టైమ్ ఎక్కువ పడుతుంది. ఈ సంగతి వీఎంకి చెప్పకపోతే అది మొత్తం ర్యామ్ ఒకటే అనుకుంటుంది. ఉదాహరణకి 64 కోర్ల సర్వర్‌లో హోస్ట్ పనికి 4 కోర్లు వదిలేసి, 60 కోర్లతో ఒకే పెద్ద వీఎం చేయండి. దానికి రెండు న్యూమా నోడ్స్ ఇవ్వండి, ఒక్కోదానికి 30. ఒకే సర్వర్‌లో పది చిన్న వీఎంలు చేసి వాటినే 'క్లస్టర్' అనడం మాత్రం అనవసరపు శ్రమ.

ఇక హ్యూజ్ పేజెస్. 256 జీబీ ర్యామ్‌ని మామూలు 4 కేబీ పేజీలుగా విడగొడితే దాదాపు 6.7 కోట్ల పేజీలు. 2 ఎంబీ పేజీలైతే 1.31 లక్షలే. వీఎంలో అడ్రస్ వెతకడం రెండు అంచెల్లో జరుగుతుంది. మామూలు మెషీన్‌లో గరిష్ఠంగా 4 సార్లు మెమరీ చూస్తే సరిపోయే చోట ఇక్కడ 24 సార్లు దాకా చూడాల్సి రావచ్చు. కాబట్టి తేడా వీఎంలోనే ఎక్కువ తెలుస్తుంది.

సెర్న్ 2013 నుంచి ఓపెన్‌స్టాక్‌ని ప్రొడక్షన్‌లో నడుపుతోంది. పెద్ద వీఎంలలో స్పీడ్ తగ్గినప్పుడు అక్కడి ఇంజినీర్లు కుస్తీ పట్టింది కూడా న్యూమా, హ్యూజ్ పేజెస్‌తోనే. అయితే వాళ్ల జాబ్‌లు ఎక్కువగా వేటికవే విడిగా నడిచేవి. మీ జాబ్ నోడ్ల మధ్య గంటల తరబడి మాట్లాడుకునేదైతే నెట్‌వర్క్ కూడా చూసుకోవాలి.

వర్చువల్ స్విచ్ గుండా వెళ్తే ఒక్కో చిన్న మెసేజ్‌కి పదుల మైక్రోసెకన్లు పోతాయి. ఇన్ఫినీబ్యాండ్‌లో అది ఒకటి రెండు మైక్రోసెకన్ల పని. ఎస్ఆర్-ఐఓవీతో కార్డులో ఒక భాగాన్ని నేరుగా వీఎంకి ఇచ్చేస్తే ఆ స్పీడ్‌కి దగ్గరగా వస్తుంది. బదులుగా, రన్ అవుతున్న వీఎంని ఇంకో సర్వర్‌కి మార్చే సౌకర్యం చాలావరకు వదులుకోవాలి. హెచ్‌పీసీలో దాంతో పెద్దగా పని ఉండదు లెండి.

ఒకే టీమ్, ఒకే సాఫ్ట్‌వేర్, ఏడాదంతా అదే పని అయితే వీఎంలు ఎందుకు? నేరుగా సర్వర్ల మీదే స్లర్మ్ పెట్టుకోండి. నాలుగు టీమ్‌లు నాలుగు రకాల లినక్స్ అడిగే చోట వీఎంలు బాగా పనికొస్తాయి.

సెట్టింగ్స్ మార్చాక వీఎం లోపల ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ ఇవ్వండి. న్యూమా నోడ్స్ 2 అని రావాలి. తర్వాత స్ట్రీమ్ బెంచ్‌మార్క్‌ని హోస్ట్ మీద ఒకసారి, వీఎంలో ఒకసారి, రెండు చోట్లా అదే కోర్ల సంఖ్యతో రన్ చేసి పోల్చండి. తేడా ఇంకా భారీగా ఉంటే నెట్‌వర్క్ జోలికి వెళ్లకండి, ముందు ఫ్లేవర్‌ని మళ్లీ చెక్ చేయండి.