దెబ్బతిన్న బండికి విలువ కట్టే పని: ఖరగ్‌పూర్ కుర్రాళ్లకు ఇంకో దారి

ఖరగ్‌పూర్‌లో తెలుగింటి కుర్రాడు ఐటీఐ పూర్తి చేశాడంటే ఇంట్లో మొదట వినపడే మాట ఒకటే: రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది? ఆ మాటకు తరాల బలం ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇవాళ ఈ ఊళ్లో ఉన్నారు. వి.వి. గిరి ఆ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపించారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడం వెనుక ఉన్నదీ ఈ జనమే. రైల్వే నోటిఫికేషన్‌ను వదులుకోమని చెప్పను. కాకపోతే అప్రెంటిస్‌షిప్ అంటే శిక్షణ మాత్రమే, ఉద్యోగం కాదు. రైల్వేలో శిక్షణ పూర్తి చేసినవారికి లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కోటా ఉన్నా, ఆ కొద్ది సీట్ల కోసం వేలమంది కూర్చుని ఉంటారు. ఆ ఎదురుచూపులోనే ఏళ్లు గడిచిపోతాయి.

ఆ ఏళ్లలో నేర్చుకోదగ్గ పని ఒకటి మన కళ్లెదుటే ఉంది. ప్రమాదంలో దెబ్బతిన్న బండిని చూసి ఏది మార్చాలి, ఏది బాగుచేస్తే సరిపోతుంది, ఎంత ఖర్చవుతుంది, అందులో బీమా కంపెనీ ఇచ్చేది ఎంత అని తేల్చే పని. షోరూముల్లో ఎస్టిమేట్ రాసేవాళ్లు, కంపెనీల్లో క్లెయిమ్ చూసేవాళ్లు, లైసెన్సు ఉన్న సర్వేయర్లు, ముగ్గురూ చేసేది ఇదే. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్‌ను ఆనుకునే పోతుంది. పడమటికి సాగే 49వ నంబరు రహదారి మొదలయ్యేదీ ఇక్కడే. రాత్రింబవళ్లు లారీలు నడిచే ఈ దారుల పక్కన ఈ పని తెలిసినవాడికి పని కరువుండదు.

ముందు బండి దగ్గరకు వెళ్దాం. ఎడమ వైపు పడిన మోటార్‌సైకిల్ ఒకటి వర్క్‌షాపుకు వచ్చిందనుకోండి. పని తెలిసినవాడు వెంటనే పెన్ను తీయడు. క్లచ్ లివర్ చివర అరిగిందా, ఎడమ అద్దం, ఎడమ ఫుట్‌రెస్ట్, లెగ్‌గార్డు మీద గీతలు ఒకే దిక్కున ఉన్నాయా అని చూస్తాడు. ముందు చక్రాన్ని తిన్నగా పెట్టి హ్యాండిల్ వంక చూస్తాడు. రెండూ కలవకపోతే ఫోర్కు పైపు వంగి ఉండవచ్చు, లేదా కింది బ్రాకెట్ తిరిగిపోయి ఉండవచ్చు. పైపు విప్పి వీ-బ్లాకుల మీద దొర్లించి చూస్తే గాని అది తేలదు. ఎడమకు పడిన బండికి కుడి వైపు సైలెన్సర్ సొట్టను కూడా క్లెయిములో చేర్చమని యజమాని అడిగితే, ఆ సొట్ట లోపల తుప్పు ఉందేమో చూస్తాడు. తుప్పు ఉందంటే అది పాత దెబ్బ. ఈ చూపు చదువుతో సగమే వస్తుంది. మిగతా సగం చేతికి గ్రీజు అంటిన తర్వాతే వస్తుంది. రైల్వే వర్క్‌షాపు గేటు దాటి వచ్చిన నాన్నలను, మావయ్యలను చూస్తూ పెరిగిన పిల్లలకు ఇది కొంత ఇంట్లోనే అబ్బుతుంది.

తర్వాత లెక్క. మన పిల్లలు చాలామంది తడబడేది ఇక్కడే, అందుకే అంకెలతో చెబుతాను. ప్రామాణిక మోటారు పాలసీలో విడిభాగాలకు తరుగుదల ఉంటుంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లు, ట్యూబులు, బ్యాటరీకి 50 శాతం కోస్తారు. ఫైబర్ గ్లాసుకు 30 శాతం. గాజుకు కోత లేదు. ఇనుము వంటి మిగతా భాగాలకు బండి వయసును బట్టి కోత పెరుగుతుంది. ఆరు నెలల లోపు ఏమీ లేదు, ఏడాది దాటి రెండేళ్లలోపు 10 శాతం, మూడేళ్లలోపు 15, నాలుగేళ్లలోపు 25, ఐదేళ్లలోపు 35, పదేళ్లలోపు 40, ఆపైన సగానికి సగం. లేబరుకు తరుగుదల లేదు.

రెండున్నరేళ్ల బండి అనుకుందాం. ఉదాహరణ కోసం వేసుకున్న ధరలివి, పన్ను పక్కన పెడదాం. హెడ్‌లైట్ అసెంబ్లీ 2,400, ముందు ప్లాస్టిక్ మడ్‌గార్డు 900, ఫోర్కు పైపులు 3,000, హ్యాండిల్ 800, లేబరు 1,800. మొత్తం ఎస్టిమేటు 8,900 రూపాయలు. ప్లాస్టిక్ రెండింటికీ సగం పోతే 1,650 మిగులుతుంది. ఇనుము రెండింటికీ 15 శాతం పోతే 3,230. లేబరు 1,800 పూర్తిగా వస్తుంది. కలిపితే 6,680. టూవీలరుకు తప్పనిసరి మినహాయింపు 100 తీసేస్తే కంపెనీ ఇచ్చేది 6,580. యజమాని జేబులోంచి పోయేది 2,320. ‘ఇన్సూరెన్స్ ఉంది కదా, నేనెందుకు కట్టాలి?’ అని కౌంటరు దగ్గర గొడవ పెట్టుకునే ప్రతి కస్టమరుకూ ఈ లెక్క ముందే ఒక కాగితం మీద వేసి చూపించగలిగితే ఆ గొడవే ఉండదు. జీరో డిప్రిసియేషన్ అదనంగా తీసుకున్నవారికి విడిభాగాల మీద ఈ కోత ఉండదు. పాలసీ కాగితంలో ఆ మాట ఉందో లేదో చూడటం కూడా ఎస్టిమేట్ రాసేవాడి బాధ్యతే.

క్లెయిమ్ పెట్టాలా వద్దా అని సలహా ఇవ్వడమూ ఈ పనిలో భాగమే. ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే సొంత నష్టం ప్రీమియంలో 20 శాతంతో మొదలై 50 శాతం వరకు నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. అది థర్డ్ పార్టీ ప్రీమియానికి వర్తించదు. టూవీలరులో సొంత నష్టం ప్రీమియం చిన్నది కాబట్టి పోయే బోనసూ చిన్నదే. పై లెక్కలోని బండికి క్లెయిమ్ పెట్టడమే లాభం. విరిగింది అద్దం ఒక్కటే అయితే జేబులోంచి మార్పించుకోవడం మేలు. ఇంకొకటి: మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కిస్తారు. పాత బండ్లకు ఈ పరిస్థితి చాలా తొందరగా వస్తుంది.

ఇక ఎస్టిమేటుకు డబ్బు ఎవరు ఇవ్వాలి? మన ఊళ్లో ఎక్కువ తగాదాలు దీని మీదే. సర్వేయరుకు ఫీజు ఇచ్చేది బీమా కంపెనీ. బండి యజమాని ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు, ఆయన అడగకూడదు. వర్క్‌షాపు సంగతి వేరు. హెడ్‌లైట్ డూమ్ విప్పి, ఫోర్కు దించి చూడటానికి మనిషి పని గంటలు పడతాయి. బండి అక్కడే బాగుచేయిస్తే ఆ ఖర్చు లేబరులో కలిసిపోతుంది. యజమాని మనసు మార్చుకుని బండిని వేరే చోటికి తీసుకెళ్తే, లేదా అది పూర్తి నష్టంగా తేలితే, ఆ శ్రమకు డబ్బు ఎక్కడిది? అందుకే కొన్ని వర్క్‌షాపులు ఎస్టిమేటు చార్జీ, ఓపెనింగ్ చార్జీ, పార్కింగ్ అని తీసుకుంటాయి. నా అభిప్రాయంలో ఇందులో తప్పు లేదు. చేసిన పనికి కూలి అడగడం తప్పెలా అవుతుంది? ముందుగా చెప్పకపోవడం తప్పు, రసీదు ఇవ్వకపోవడం తప్పు. అన్నింటికన్నా పెద్ద తప్పు, ఆ డబ్బును రాబట్టుకోవడానికి బాగున్న భాగాన్ని కూడా ‘మార్చాలి’ అని రాయడం. ఈ ఉద్యోగంలో చేరబోయే కుర్రాడు మొదటి రోజు నుంచీ ఒక అలవాటు చేసుకోవాలి. బండి లోపలికి వచ్చేటప్పుడే, విప్పకముందే, ఎంత చార్జీ, ఎప్పుడు తిరిగి సర్దుతాం, ఎప్పుడు సర్దం అని జాబ్‌కార్డు మీద రాసి సంతకం తీసుకోవడం. ఆ ఒక్క సంతకం చాలా తగువులను ఆపుతుంది. విప్పాక కొత్తగా బయటపడే దెబ్బలకు సప్లిమెంటరీ ఎస్టిమేటు రాసి, సర్వేయరుకు చూపించాకే పని మొదలుపెట్టాలి. చూపించకుండా మార్చిన భాగానికి డబ్బు అడగడం కష్టం. తీసేసిన పాత భాగాలను బిల్లు పాసయ్యే దాకా పారేయకూడదు.

ఇప్పుడు దారి సంగతి. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు, టూ అండ్ త్రీ వీలర్ మెకానిక్ ఏడాది కోర్సు ఉన్నాయి. ఇవి చేసినవారు షోరూములో మెకానిక్‌గా మొదలై సర్వీస్ అడ్వైజర్, ఆపైన యాక్సిడెంటు బండ్ల ఎస్టిమేట్లు చూసే స్థాయికి రావచ్చు. సర్వేయరు కావాలంటే మెకానికల్ లేదా ఆటోమొబైల్‌లో డిప్లొమా గాని డిగ్రీ గాని ఉండాలి. ఐటీఐ వాళ్లు లేటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్‌లో చేరే మార్గాన్ని అందుకే గుర్తు చేస్తున్నాను. ఆ తర్వాత లైసెన్సు ఉన్న సర్వేయరు దగ్గర 12 నెలల శిక్షణ, ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహించే పరీక్ష, ఐఆర్‌డీఏఐ లైసెన్సు. సర్వేయర్ల సంస్థ ఐఐఐఎస్‌ఎల్‌ఏ, నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. నిబంధనలు మారుతుంటాయి కనుక దరఖాస్తుకు ముందు తాజా ప్రకటన చదువుకోండి.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. మోటారు క్లెయిముల్లో 50,000 రూపాయలకు పైబడిన నష్టానికే లైసెన్సు సర్వేయరు తప్పనిసరి. టూవీలరు నష్టం చాలావరకు అంతకు లోపే ఉంటుంది. వాటిని కంపెనీ మనుషులే ఫొటోలు, వీడియో కాల్ చూసి తేల్చేస్తున్నారు. అంటే మోటార్‌సైకిళ్ల మీద మాత్రమే ఆధారపడి స్వతంత్ర సర్వేయరుగా బతకడం కష్టం. బైకుల దగ్గర చెయ్యి తిప్పుకుని, కార్లకు, అక్కడి నుంచి రహదారి మీద బోల్తాపడే లారీలకు ఎదగాలి. మొదటి ఏళ్లలో రాబడి పలచగా ఉంటుంది, ఫీజులు ఆలస్యంగా వస్తాయి. నెల జీతం కావాలనుకునేవారికి బీమా కంపెనీల్లోని క్లెయిమ్స్ విభాగం మంచిది. ప్రభుత్వ రంగ కంపెనీలు అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ నియామకాల్లో ఆటోమొబైల్ ఇంజనీర్లకు విడిగా పోస్టులు ఇచ్చిన సందర్భాలున్నాయి. వాటిలో నేషనల్ ఇన్సూరెన్స్ ప్రధాన కార్యాలయం కోల్‌కతాలోనే ఉంది. పదో తరగతితోనే మొదలుపెట్టాలనుకుంటే 15 గంటల శిక్షణతో పాయింట్ ఆఫ్ సేల్స్ (పీఓఎస్) పర్సన్‌గా పాలసీలు అమ్మవచ్చు. క్లెయిమ్ తెలిసినవాడు అమ్మే పాలసీకి నమ్మకం ఎక్కువ.

భాష గురించి కూడా ఒక మాట. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, బడిలో, వీధిలో బెంగాలీ. ఖరగ్‌పూర్ పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి. బండి పడిపోయి కంగారులో ఉన్న మనిషికి తన భాషలో ‘దాదా, ముందు బండిని కదపకుండా నాలుగు వైపులా ఫొటోలు తీయండి’ అని చెప్పగలిగే ఉద్యోగి ఏ కంపెనీకైనా కావాలి. కాని మాట్లాడటం ఒక్కటే చాలదు. పబ్లిక్ సెక్టార్ అసిస్టెంట్ పోస్టులకు ఆ రాష్ట్ర భాష వచ్చి ఉండాలని అడుగుతారు. బెంగాలీ చదవడం, రాయడం సాధన చేయండి. పోలీసు స్టేషనులో రాసే జనరల్ డైరీ (జీడీ) ఎంట్రీ చదవలేక క్లెయిములు ఆగిపోకూడదు.

గడువులు కూడా నోటికి రావాలి. ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తెలియజేసిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఆలస్యమైతే కంపెనీ ఫిర్యాదుల విభాగం, అక్కడా తేలకపోతే కోల్‌కతాలోని బీమా అంబుడ్స్‌మన్. అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

రైల్వే దరఖాస్తు పంపండి, తప్పకుండా పంపండి. అదే వారం మీ ఇంట్లో ఉన్న బండి పాలసీ కాగితం తీసి తరుగుదల పట్టిక చదవండి. మీకు తెలిసిన వర్క్‌షాపు యజమానిని అడిగి, వారానికి రెండు సాయంత్రాలు యాక్సిడెంటు బండ్ల పక్కన నిలబడి చూడండి. డిప్లొమా ఉన్నవారు సర్వేయరు శిక్షణకు ఈ ఏడాదే పేరు నమోదు చేసుకోండి.