గిరినాగు – మన కొండల పాము

మన హాస్టల్లో సగం మందిమి మాడుగుల, చీడికాడ, పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్ళమే. వేసవి సెలవుల్లో జీడిపిక్కలు ఏరడానికి తోటలకు పోతాం. ఆ తోటల్లోనే గిరినాగు కూడా ఉంటుంది. అందుకే దాని గురించి రాస్తున్నాను.

ప్రపంచంలోని విషసర్పాలన్నిటిలో పొడవైనది గిరినాగు. సాధారణంగా 3 నుంచి 4 మీటర్లు ఉంటుంది. అరుదుగా 5 మీటర్లు దాటుతుంది. 1836లో కాంటర్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. పేరులో నాగు ఉన్నా నాగులచవితికి మనం పాలు పోసే నాగుపాము వేరు, ఇది వేరు. దీని పడగ సన్నం, పడగ మీద కళ్ళద్దాల గుర్తు ఉండదు. బెదిరితే ఒంటిలో మూడోవంతు పైకి లేపి గుర్రుమంటుంది. గిరినాగులు ఒకటి కాదు, నాలుగు జాతులని 2024లో శాస్త్రవేత్తలు తేల్చారు. పడమటి కనుమల్లోది, మన తూర్పు కనుమల్లోది వేర్వేరు జాతులు.

దీని తిండి ముఖ్యంగా పాములే. ఎలుకల కోసం జెర్రిపోతు కళ్ళంలోకి వస్తుంది, జెర్రిపోతు కోసం ఇది వస్తుంది. అప్పుడే మనవాళ్ళ కంట పడుతుంది. నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊళ్ళో ఒకదాన్ని కొట్టి చంపారు. నేనూ ఒక రాయి వేశాను. పొట్ట పగిలితే లోపల నాగుపాము ఉంది! 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దీన్ని చంపడం నేరమని అప్పుడు నాకు తెలియదు.

అన్నిటికంటే వింత దీని గూడు. ఆకులు పోగుచేసి గూడు కట్టే పాము ఇదొక్కటే. వేసవిలో ఆడపాము రాలిన ఆకులను ఒంటితో కుప్పగా లాగి, అందులో 20 నుంచి 40 గుడ్లు పెడుతుంది. కుళ్ళే ఆకుల వేడికి అవి పొదుగుతాయి. రెండు నెలలకు పైగా పట్టే ఈ కాలంలో తల్లి కాపలా ఉండి, పిల్లలు బయటికి వచ్చే ముందు వెళ్ళిపోతుంది. ఉంటే ఆకలికి పిల్లల్నే తినేస్తుందని కొందరంటారు. పాము మనసు ఎవరు చూశారు?

దీని విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆపుతుంది. మన ఆసుపత్రుల్లో ఉండే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర కాట్ల కోసం తయారైనది. గిరినాగు విషానికి మందు థాయిలాండ్‌లో తయారవుతుంది. అయితే ఇది కరవడం చాలా అరుదు. మనవాళ్ళు ఎక్కువగా పోయేది ఆ నాలుగింటి వల్లే. ఏ పాము కరిచినా పసరుతో పొద్దు పుచ్చకుండా, కాలు కదపనివ్వకుండా ఆసుపత్రికి మోసుకుపోవాలి. అక్కడ ఊపిరి ఆడించే యంత్రం ఉంటుంది.

మొన్న సెలవుల్లో మా జీడితోట చివర అలాంటి ఆకుల కుప్ప కనబడింది. చెబితే తాత నవ్వాడు. తర్వాత ఆయనే వెళ్ళి దూరంగా చుట్టూ ముళ్ళకంప వేశాడు. ఆ పక్క పిక్కలు ఈ ఏడాది ఎవరూ ఏరలేదు. అటవీశాఖ వాళ్ళకు కబురు పెట్టాం. నేను హాస్టల్‌కు వచ్చేశాక తాత ఫోన్ చేశాడు. పిల్లలు బయటికి వచ్చాయట. నల్లగా, తెల్లచారలతో, మూరెడేసి ఉన్నాయట.